పుల్పిట్ ఎక్కని బోధకుడు: ఆమోస్ అలోంజో స్టాగ్ (1862–1965)



ఈ పేజీల్లో మనం ఎక్కువగా మిషనరీల జీవితాలు, పాటలు కట్టిన భక్తుల జీవితాలు చదువుకుంటూ వస్తున్నాం. ఈసారి ఒక ఆటల మాస్టారి జీవితం రాయదలిచాము. ఆటల మాస్టారికి ఇక్కడేం పని అని పెద్దలు కొందరు అనుకోవచ్చు. ఓపికగా చివరివరకు చదవమని మా మనవి. ఆయన బోధకుడు కావాలని బయలుదేరి, నలుగురిలో మాట పెగలక వెనక్కి తగ్గి, బంతి చేతికి తీసుకున్న మనిషి. ఆయన తయారుచేసిన జట్టు ఒకప్పుడు అమెరికా అంతటా పేరు మోసింది. ఆయనను పంపివేసిన ఏడేళ్ళకు ఆ జట్టే లేకుండా పోయింది. ఆయన మాత్రం ఆ తర్వాత కూడా ఇరవై ఎనిమిదేళ్ళు మైదానం వదలలేదు.

చెప్పులు కుట్టేవారి ఇంట

స్టాగ్‌గారు 1862 ఆగస్టు 16న న్యూజెర్సీ రాష్ట్రంలోని వెస్ట్ ఆరెంజ్ అనే ఊళ్ళో పుట్టారు. ఎనిమిది మంది పిల్లల్లో ఐదవవారు. తండ్రి చెప్పులు కుట్టి బిడ్డలను పోషించారు. ఆ వృత్తిలోని కష్టమేమిటో తమ తాతముత్తాతల సంగతి ఎరిగిన మన పాఠకుల్లో చాలామందికి వేరే చెప్పనక్కరలేదు. ఇల్లు పేదదైనా భక్తి గల ఇల్లు. ప్రెస్బిటేరియన్ సంఘంలో పెరిగిన ఆ పిల్లవాడు పెద్దయ్యాక పాదిరి కావాలని మనసులో పెట్టుకున్నాడు.

పై చదువుకు ఇంట్లో డబ్బు లేదు. ఎక్సెటర్ అనే ఊళ్ళోని బడిలో చదివేటప్పుడు పొయ్యి లేని అటక గదిలో ఉండి, రోజుకు కొద్ది సెంట్లతో కడుపు నింపుకుని చలికాలం గడిపారు. 1884లో యేల్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ బేస్‌బాల్ ఆటలో బంతి విసరడంలో ఆయనకు సాటి వచ్చినవారు అరుదు. డబ్బిచ్చి ఆడించే పెద్ద జట్లు ఆయన కోసం పోటీ పడ్డాయి. న్యూయార్కు జట్టు ఇస్తానన్న జీతం 4,200 డాలర్లు. చెప్పులు కుట్టేవారి కొడుకుకు ఆ రోజుల్లో అది కళ్ళు తిరిగే సొమ్ము. ఆయన వద్దన్నారు. ఆ ఆట మైదానాల్లో సారా అమ్ముతారు, ఆ సహవాసం తనకు తగదు అన్నది ఆయన చెప్పిన కారణం. అందులో మొండితనం ఉందని కొందరు అనవచ్చు. పస్తులున్నవాడు అంత డబ్బు కాదనడం తేలిక కాదని మాత్రం ఎవరైనా ఒప్పుకుంటారు.

1888లో పట్టా పుచ్చుకుని అక్కడే వేదశాస్త్రం చదవసాగారు. చదువుతూనే ఫుట్‌బాల్ ఆడి, 1889లో దేశం మొత్తానికి మొదటిసారి ఎంచిన పదకొండు మంది మేటి ఆటగాళ్ళలో ఒకరయ్యారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇది మన పిల్లలు కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. అమెరికావారి ఆట వేరు. రెండు కొనలు సన్నగా ఉండే బంతిని చేత్తో ఒడిసి పట్టుకుని ఎదుటివారి గీత దాటాలి. ఎదుటివారు చెడుగుడులో కూత పెట్టినవాణ్ణి పట్టినట్టు మీదపడి పడగొడతారు. జట్టుకు పదకొండు మంది. అప్పటి ఆటలో ఇప్పుడున్నంత రక్షణ లేదు. ఎముకలు విరగడం మామూలు.

మాట పెగలని బోధకుడు

వేదశాస్త్రం చదువుతుండగా ఆయనకు ఒక సంగతి తెలిసివచ్చింది. నలుగురి ఎదుట నిలబడి ప్రసంగించబోతే మాట తడబడేది, చెప్పదలచినది చెప్పలేకపోయేవారు. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళతో మైదానంలో మాట్లాడేటప్పుడు ఆ ఇబ్బందే లేదు. ఎంతో ఆలోచించి, ప్రార్థించి, వేదశాస్త్రం చదువు మధ్యలో మానేశారు. 1890లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వై.ఎం.సి.ఎ. వారి శిక్షణ పాఠశాలకు వెళ్ళారు. బాస్కెట్‌బాల్ ఆట కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ ఆ రోజుల్లో అక్కడే ఉండి, స్టాగ్‌గారి ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. 1892 మార్చి 11న అక్కడి ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ మధ్య జనం ఎదుట బాస్కెట్‌బాల్ ఆట జరిగినప్పుడు విద్యార్థులు 5–1 తేడాతో గెలిచారు. ఉపాధ్యాయుల తరఫున పడిన ఆ ఒక్క బంతి వేసినది స్టాగ్‌గారే.

ఈ స్ప్రింగ్‌ఫీల్డ్‌కూ మనకూ చుట్టరికం ఉంది. 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల స్థాపించిన హెచ్.సి. బక్ దొరగారు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివినవారే. నందనంలోని ఆ కళాశాలలో తయారైన డ్రిల్ మాస్టార్లు దక్షిణాదిన ఎన్నో బడులకు వెళ్ళారు. మేము ట్రైనింగ్ చదివిన రోజుల్లో డ్రిల్ పీరియడ్ అంటే ఎండలో చేతులు చాచడమే అనుకునేవాళ్ళం. ఆ పీరియడ్ వెనుక, మనిషి శరీరాన్నీ మనసునూ ఆత్మనూ కలిపి దిద్దాలన్న ఆలోచన ఒకటి ఉందని చాలా ఆలస్యంగా గ్రహించాము.

బాప్టిస్టులు పెట్టిన విశ్వవిద్యాలయం

యేల్‌లో స్టాగ్‌గారికి బైబిలు పాఠాలు చెప్పిన గురువు విలియం రైనీ హార్పర్. హెబ్రీ భాషలో గొప్ప పండితుడు, బాప్టిస్టు. అమెరికా బాప్టిస్టుల విద్యా సంఘం షికాగోలో ఒక విశ్వవిద్యాలయం పెట్టాలని తలపెట్టి, హార్పర్‌గారిని అధ్యక్షుడిగా పిలిచింది. నూనె వ్యాపారంలో కోట్లు గడించిన బాప్టిస్టు జాన్ డి. రాక్‌ఫెల్లర్ 1889లో ఆరు లక్షల డాలర్లు ఇస్తానన్నారు. మిగతా నాలుగు లక్షలు సంఘస్థులు, హితులు కూడబెట్టాలని షరతు పెట్టారు. వారు కూడబెట్టారు. నెల్లూరుకు, ఒంగోలుకు మిషనరీలను పంపినవారు కూడా అమెరికా బాప్టిస్టులే. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందిన పదిహేనేళ్ళలోపే ఆ సహోదరుల తోటివారు షికాగోలో ఈ విద్యాలయం తలుపులు తెరిచారు.

హార్పర్‌గారు తన పాత శిష్యుణ్ణి వ్యాయామ శాఖకు పెద్దగా రమ్మన్నారు. జీతంతో పాటు ఆచార్యుల వరుసలో స్థానం, శాశ్వత ఉద్యోగం ఇస్తామన్నారు. ఆటలు నేర్పేవానికి అటువంటి గౌరవం ఇవ్వడం అప్పట్లో ఎరుగని సంగతి. స్టాగ్‌గారు వెంటనే ఒప్పుకోలేదు. ఆలోచించి, ప్రార్థించి, తన జీవితం ప్రభువు సేవకు ఈ ఉద్యోగంలోనే బాగా ఉపయోగపడుతుందని తోచిందని గురువుకు జాబు రాశారు. అది జీవనోపాధి కోసం చేసుకున్న ఏర్పాటు కాదు. పుల్పిట్‌కు బదులు మైదానం ఎంచుకున్నారు.

1892 అక్టోబరు 1న విశ్వవిద్యాలయం మొదలైంది. ఆ మధ్యాహ్నమే ఫుట్‌బాల్ అభ్యాసం కూడా మొదలైంది. ఆటగాళ్ళు చాలక మొదటి ఏడాది మాస్టారు కూడా జట్టులో దిగి ఆడవలసి వచ్చింది. పెద్ద వ్యాపారి మార్షల్ ఫీల్డ్ ఇచ్చిన స్థలంలో మైదానం తయారైంది. 1896లో చుట్టుపక్కల ఏడు విశ్వవిద్యాలయాలు ఒక సమితిగా ఏర్పడినప్పుడు షికాగో అందులో ఒకటి. ఇప్పుడు బిగ్ టెన్ అని పిలిచేది ఆ సమితినే. అందులో స్టాగ్‌గారి జట్టు 1899, 1905, 1907, 1908, 1913, 1922, 1924 సంవత్సరాల్లో ఛాంపియన్‌గా నిలిచింది. పడగొట్టడం నేర్పడానికి పరుపు చుట్టి వేలాడదీయడం వంటి ఎన్నో పద్ధతులు ఆయన పేరునే చెబుతారు. మైదానానికి కూడా తర్వాత ఆయన పేరే పెట్టారు.

వెలుగూ నీడా

1905 నవంబరు 30న షికాగో, మిషిగన్ జట్లు తలపడ్డాయి. మిషిగన్ అంతకుముందు వరుసగా 56 ఆటల్లో ఓటమి ఎరుగదు. ఆటంతా ఎవరికీ పాయింటు రాలేదు. చివరికి షికాగో ఆటగాడు వాల్టర్ ఎకర్సాల్ దూరంగా తన్నిన బంతిని పట్టుకున్న మిషిగన్ కుర్రవాణ్ణి అతని సొంత గీత వెనకనే పడగొట్టారు. దానికి రెండు పాయింట్లు. 2–0తో షికాగో గెలిచింది. ఊరంతా సంబరం.

ఆ ఏడే ఈ ఆట మీద దేశమంతా కన్నెర్ర చేసింది. ఆ ఒక్క ఏడాదిలో 18 మంది చనిపోయారని ఒక షికాగో పత్రిక లెక్కకట్టింది. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పెద్ద విశ్వవిద్యాలయాల వారిని పిలిపించి ఆటను చక్కదిద్దమన్నారు. నియమాల సంఘంలో సభ్యుడిగా ఉన్న స్టాగ్‌గారు 1906 మార్పుల్లో పాలుపంచుకున్నారు. బంతిని ముందుకు విసరడం అప్పుడే చెల్లుబాటైంది. గుంపుగా మీదపడి నలిపే ఆట నెమ్మదిగా తగ్గింది.

మంచివారి జీవితం రాసేటప్పుడు నీడ దాచకూడదన్నది మా అభిప్రాయం. 1905లోనే కాలియర్స్ అనే పత్రిక మరికొన్ని విశ్వవిద్యాలయాలతో పాటు షికాగోను కూడా తప్పు పట్టింది. చదువు మీద ధ్యాస లేని కుర్రాళ్ళను గెలుపు కోసం చేర్చుకుంటున్నారని రాసింది. ఆ మాటలో నిజం లేకపోలేదు. అంత పేరు తెచ్చిన ఎకర్సాల్ పట్టా లేకుండానే బయటికి వెళ్ళారు. కొత్త విశ్వవిద్యాలయానికి పేరు కావాలి; ఆ పేరు ఫుట్‌బాల్ తెచ్చిపెట్టింది. టిక్కెట్ల సొమ్ము పెరిగింది. ఆ శాఖ లెక్కలపై అజమాయిషీ చాలా ఏళ్ళు స్టాగ్‌గారి చేతుల్లోనే ఉంది. సొంతానికి పైసా ఆశించని మనిషి కూడా తన పని మీద ప్రేమ కొద్దీ దానికి ఎదురులేకుండా చేసుకోవచ్చు. గెలవాలన్న కోరిక దైవభక్తుణ్ణి కూడా పరీక్షిస్తుంది.

ఆ పరీక్షలో ఆయన నిలబడిన రోజూ ఒకటి ఉంది. 1922 అక్టోబరు 28న ప్రిన్స్‌టన్ జట్టు షికాగోకు వచ్చింది. షికాగో 18–7తో ముందుండి, చివరి భాగంలో 21–18కి వెనకబడింది. ఆఖరి నిమిషాల్లో గెలుపు గీతకు కొద్ది గజాల దూరంలో బంతి ఉంది. కొత్త ఆటగాణ్ణి లోపలికి పంపి, ఏ ఎత్తు వేయాలో అతని చేత చెప్పించమని సహాయకుడు అడిగారు. అలా కబురు పంపడం తగదని నియమాల సంఘం అభిప్రాయపడి ఉంది. ఆ సంఘంలో తానూ సభ్యుడే. స్టాగ్‌గారు పంపనన్నారు. షికాగో ఆ గీత దాటలేక ఓడింది. ఆ ఆటను దూరాన న్యూయార్కులో కూడా రేడియోలో విన్నారు. వినేవారికి ఓటమి తెలిసింది గాని, ఓటమి ఎందుకు వచ్చిందో తెలియదు.

ఇంటివద్ద ఆయన తీరు సాదాసీదా. పొగ తాగరు, మద్యం ముట్టరు, బూతు మాట అనరు. కోపం మించితే ఆటగాణ్ణి గాడిద అనేవారు; ఆయన నోట అదే పెద్ద తిట్టు. 1894లో షికాగో విద్యార్థిని స్టెల్లా రాబర్ట్‌సన్‌ను పెళ్ళాడారు. ఆమె ఇంటికే పరిమితం కాలేదు. భర్త పక్కన కూర్చుని ఎదుటి జట్ల ఎత్తులు కాగితం మీద గీసేవారు. ఇద్దరు కుమారులూ తండ్రి వృత్తే పట్టారు.

డెబ్బై నిండిన రోజు

1929లో రాబర్ట్ హచిన్స్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యారు. వయసు ముప్ఫై. ఆయనా ఒక పాదిరిగారి కుమారుడే. విశ్వవిద్యాలయం చదువు కోసం ఉంది గాని పందేల కోసం కాదని ఆయన పట్టుదల. డెబ్బై ఏళ్ళు నిండినవారు దిగిపోవాలన్న నియమం ప్రకారం 1932తో స్టాగ్‌గారి పని ముగిసింది. మొత్తం 41 ఏళ్ళ కోచ్ పని. మైదానం కాని వేరే బాధ్యత ఇస్తామన్నారు. తనకు ఇంకా సత్తువ ఉందనీ, కుర్రాళ్ళ మధ్యనే ఉంటాననీ ఆయన దాన్ని కాదన్నారు.

ఆ బాధ మాకు కొంత తెలుసు. మా పదవీ విరమణ రోజున శాలువా కప్పి, దండ వేసి, మంచి మాటలు చెప్పి పంపించారు. మర్నాడు ఉదయం బడి గంట వేళకు చొక్కా తొడుక్కుని, ఎక్కడికి వెళ్ళాలో తోచక వాకిట్లో నిలబడిపోయాము. మనం కోరుకోని సెలవు అలాగే ఉంటుంది.

ఆయన వెళ్ళాక షికాగో జట్టు నిలబడలేదు. మంచి ఆటగాళ్ళు రాలేదని కాదు. 1935లో దేశంలోని మేటి ఆటగాడికి ఇప్పుడు హైస్‌మన్ పేరుతో ఇచ్చే బహుమానం మొట్టమొదట అందుకున్న జే బర్‌వాంగర్ షికాగోవారే. కాని చదువు నియమాలు కఠినమయ్యాయి. వ్యాయామ విద్యలో డిగ్రీ ఇచ్చే ఏర్పాటు లేదు. ఇతర విశ్వవిద్యాలయాలు ఆటగాళ్ళను వెతికి తెచ్చుకుంటుంటే షికాగో తెచ్చుకోలేదు. 1939లో మిషిగన్ చేతిలో 85–0, ఒహాయో స్టేట్ చేతిలో 61–0, హార్వర్డ్ చేతిలో మళ్ళీ 61–0. అదే డిసెంబరులో ధర్మకర్తలు ఫుట్‌బాల్‌ను రద్దు చేశారు. జనం లేని ఆ మైదానంలో, పడమటి మెట్ల కింద ఉన్న ఒక ఆటగదిలో 1942 డిసెంబరు 2న ఎన్రికో ఫెర్మి బృందం మొట్టమొదటి అణు గొలుసు చర్యను నడిపింది. కేరింతలు వినబడిన చోట అణుయుగం సడి లేకుండా పుట్టింది. తర్వాత ఆ మెట్లు పడగొట్టారు. ఇప్పుడక్కడ పెద్ద గ్రంథాలయం ఉంది.

మళ్ళీ మొదటినుంచి

స్టాగ్‌గారు దిగులుపడి కూర్చోలేదు. 1933లో కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్‌కు, కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్ అనే చిన్న మెథడిస్టు కాలేజీకి వెళ్ళారు. 1938లో ఆ జట్టును వెంటబెట్టుకుని షికాగోకు, తన పేరున్న మైదానానికే వచ్చి, 32–0తో గెలిచారు. తన చేతులతో పెంచిన చెట్టును తానే వంచడం ఆయనకు సంతోషమిచ్చిందో, దుఃఖమిచ్చిందో ప్రభువుకే తెలుసు. 1943లో, ఎనభై ఒకటో ఏట, సైనిక శిక్షణకు వచ్చిన కుర్రాళ్ళతో మంచి జట్టు తయారుచేసి, ఆ ఏటి మేటి కోచ్‌గా తోటి కోచ్‌ల చేత ఎన్నికయ్యారు.

1946లో అక్కడా పక్కకు జరగమన్నారు. అప్పుడు ఎనభై నాలుగేళ్ళు. పెన్సిల్వేనియాలోని సస్క్వెహానా విశ్వవిద్యాలయంలో పెద్ద కుమారుడు కోచ్. తండ్రి వెళ్ళి కొడుకు పక్కన పనిచేశారు. దేశం ఎరిగిన మనిషి, కొడుకు పేరున నడిచే జట్టుకు చెయ్యి సాయం చేశారు. భార్యకు ఆరోగ్యం చెడి దూర ప్రయాణాలు చేయలేకపోవడంతో 1952లో స్టాక్‌టన్‌కు తిరిగి వచ్చారు. అక్కడి చిన్న కాలేజీ కుర్రాళ్ళకు బంతి తన్నడం నేర్పుతూ గడిపారు. 1960లో, తొంభై ఎనిమిదో ఏట, ఇక చాలని తానే మానుకున్నారు. అరవై ఎనిమిదేళ్ళకు పైగా ఒకే పని. ఆ మాట ఈసారి ఎవరో ఆయనకు చెప్పవలసిన అవసరం రాలేదు.

1964లో స్టెల్లా అమ్మగారు చనిపోయారు. 1965 మార్చి 17న, నూట రెండేళ్ళ వయసులో, స్టాగ్‌గారు స్టాక్‌టన్‌లో కన్నుమూశారు. అప్పటి లెక్క ప్రకారం ఆయన జట్లు గెలిచిన ఆటలు 314. ఆ సంఖ్యను 1981లో మరొకరు దాటారు.

1963లో షికాగో విద్యార్థులు కొందరు ఫుట్‌బాల్ మళ్ళీ వద్దంటూ మైదానం మధ్య బైఠాయించారు. అయినా 1969లో ఆ విశ్వవిద్యాలయం తిరిగి జట్టును నిలిపింది. ఈసారి పెద్ద జట్ల వరుసలో కాదు. ఆటకోసం ఉపకార వేతనం ఇవ్వని చిన్న కాలేజీల వరుసలో ఆడుతున్నది. 1973 నుంచి ఆ వరుసలోని ఆఖరి పోటీకి పెట్టిన పేరు స్టాగ్ బౌల్. టిక్కెట్ల సొమ్ముతో పెరిగిన మహా జట్టు పోయింది. జీతం కోసం కాక ఆట మీద ఇష్టంతో ఆడే కుర్రాళ్ళ పోటీకి ఆయన పేరు నిలిచింది.

ప్రియులారా, ఈ జీవితం నుంచి మేము రెండు సంగతులు నేర్చుకున్నాము. మన సంఘాల్లో ప్రసంగించగలిగినవారినే పరిచర్యకు పిలుపు పొందినవారిగా చూస్తాం. మాట రాని కుర్రవాడు వెనక బల్ల మీద కూర్చుని, కొన్నాళ్ళకు రావడం మానేస్తాడు. అతని చేతిలో ఏముందో మనం అడగం. రెండవది, పదవి పోయిన పెద్దలం మనలో చాలామంది ఇంట్లో కూర్చుని, కొత్తవారు చేసే తప్పులు లెక్కపెడుతుంటాం. ఎనభై నాలుగో ఏట కొడుకు కింద పనిచేయడానికి బయలుదేరిన ఈ పెద్దాయనను తలచుకుంటే మాకు సిగ్గు వేసింది. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక, పిల్లలు ఆడుకునే చోటికి వెళ్ళి, వారితో కాసేపు నిలబడాలని నిర్ణయించుకున్నాము. మోకాళ్ళు సహకరిస్తే బంతి కూడా ఒకసారి తన్ని చూస్తాము.